బేవుల్ఫ్ నుంచి చాసర్ దాకా: తొలినాటి ఇంగ్లీష్ సాహిత్యాన్ని మూలంలో చదవాలనుకునే తెలుగు విద్యార్థికి మార్గదర్శి

ఎం.ఏ. ఇంగ్లీష్ సిలబస్‌లో 14వ శతాబ్దపు కవి చాసర్ పేరు కనపడగానే ఎక్కువమంది చేసే పని ఒకటే. ఒక గైడు కొంటారు, సాహిత్య చరిత్ర పుస్తకంలో మొదటి రెండు అధ్యాయాలు బట్టీ పడతారు, ఆయన కాంటర్‌బరీ టేల్స్‌కి ముందుమాటలాంటి ప్రోలోగ్‌కి ఆధునిక ఇంగ్లీష్ పారాఫ్రేజ్ చదివేస్తారు. పరీక్ష గట్టెక్కుతుంది గానీ, నాలుగు పంక్తులు చేతిలో పెట్టి వ్యాఖ్య రాయమంటే పెన్ను కదలదు. మూలంలో చదవడం అనుకున్నంత కష్టం కాదు. పైగా తెలుగు వచ్చినవాళ్ళకి ఇక్కడ కొన్ని సౌకర్యాలున్నాయి, ఇంగ్లీష్ తప్ప మరో భాష రానివాళ్ళకి అవి లేవు. వాటిని ఎలా వాడుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

1. కాలపటం: ఒక్క సాయంత్రం చాలు

7వ శతాబ్దం నుంచి దాదాపు 1100 వరకు ఓల్డ్ ఇంగ్లీష్, అక్కడి నుంచి 1500 వరకు మిడిల్ ఇంగ్లీష్. ఈ గీతలు పండితులు గీసుకున్నవే. ఆక్స్‌ఫర్డ్ బి.ఏ. మొదటి ఏడాది పేపర్ ఒకటి 650 నుంచి 1350 వరకు నడుస్తుంది, అంటే 1066 నార్మన్ దండయాత్రను గోడగా చూడదు.

గుర్తుంచుకోవాల్సిన తేదీలు ఏడు. లాటిన్‌లో బీడ్ అనే సన్యాసి రాసిన ఇంగ్లీష్ జాతి చర్చి చరిత్ర పూర్తయింది 731లో, పేరు తెలిసిన తొలి ఇంగ్లీష్ కవి కేడ్మన్ కథ మనకి అందులోనే దొరుకుతుంది. ఆల్‌ఫ్రెడ్ రాజు పాలన 871–899, లాటిన్ పుస్తకాల్ని ఇంగ్లీష్‌లోకి తెచ్చే పని ఆయన హయాంలోనే సాగింది. బేవుల్ఫ్ అనే వీరగాథ రాతప్రతి సుమారు 1000 నాటిది. తర్వాత 1066. చాసర్ మరణం 1400. కాక్‌స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టింది 1476, మాలరీ రాసిన ఆర్థర్ రాజు కథల్ని ఆయనే అచ్చువేసింది 1485. మన వైపు నుంచి చూస్తే నన్నయది 11వ శతాబ్దం. బేవుల్ఫ్ ప్రతిని రాసిన లేఖకులు ఆయనకి కొద్ది తరాలు ముందువాళ్ళు.

ఇంతకు మించి చరిత్ర ఇప్పుడు చదవకండి. కవిత చదివాక చరిత్ర పుస్తకం తెరిస్తే అందులోని ప్రతి వాక్యం ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. ముందే చదివితే అది పేర్ల జాబితాగానే మిగులుతుంది.

2. చదివే వరస: కాలక్రమం పాటించకండి

ముందు చాసర్, తర్వాత ఓల్డ్ ఇంగ్లీష్ వచనం, ఆ తర్వాత ఓల్డ్ ఇంగ్లీష్ చిన్న కవితలు, ఆపైన బేవుల్ఫ్. సర్ గవేన్ అండ్ ద గ్రీన్ నైట్ చివర్లో.

చాసర్ రాసింది లండన్ ఇంగ్లీష్. నేటి ప్రామాణిక భాషకి దగ్గరి పూర్వరూపం అదే. గవేన్ కవి ఎవరో తెలియదు. చాసర్ కాలం వాడే అయినా వాయవ్య మిడ్‌లాండ్స్ మాండలికంలో రాశాడు. ఆ 2530 పంక్తుల్లో స్కాండినేవియన్ మాటలు, అక్కడి స్థానిక మాటలు కిక్కిరిసి ఉంటాయి. కాలం ఒకటే గనక కష్టమూ ఒకటే అనుకుని గవేన్‌తో మొదలుపెట్టినవాళ్ళు మొదటి వారంలోనే అనువాదం వైపు జారుకుంటారు.

3. చాసర్‌ని ముందు నోటికి అలవాటు చేయాలి

అచ్చులు తెలుగు అచ్చుల్లా పలకండి, స్కూల్లో నేర్చిన ఇంగ్లీష్ అచ్చుల్లా కాదు. ఆధునిక ఇంగ్లీష్‌లో దీర్ఘాచ్చులు ఇలా మారడం చాసర్ తర్వాతి సంగతి, గ్రేట్ వవెల్ షిఫ్ట్ అంటారే, అదే. ఆయనకి నేమ్ అంటే ‘నామె’, టైమ్ అంటే ‘తీమె’. నైట్ అనే వీరుడు ‘క్నిఖ్త్’: మొదటి క్, నడిమి ఖ్ రెండూ పలకాలి. మూగ అక్షరాలు దాదాపు లేవు.

ప్రోలోగ్ మొదటి రెండు పంక్తులు ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి:

హ్వాన్ థత్ ఆప్రిల్ విథ్ హిస్ షూరెస్ సోతె
థె ద్రుఖ్త్ ఒఫ్ మార్చ్ హథ్ పెర్‌సెద్ తో థె రోతె

‘సోతె’, ‘రోతె’ ప్రాస గమనించండి. ఆధునిక ఇంగ్లీష్‌లోకి మార్చి ‘స్వీట్’, ‘రూట్’ అని చదివితే ప్రాస పోతుంది. ‘పెర్‌సెద్’ రెండు అక్షరాలు, ‘పియర్స్‌డ్’ అని ఒకటి చేస్తే ఛందస్సూ పోతుంది. పంక్తికి పది అక్షరాలు, ఐదు ఊనికలు (నొక్కి పలికే చోట్లు) మామూలు కొలత. మొదటి పంక్తికి ముందు ఒక అక్షరం తక్కువ, ఊనికతోనే మొదలవుతుంది. చాసర్ ఇలా అప్పుడప్పుడు చేస్తాడు, తప్పు లెక్కపెట్టామని కంగారు పడక్కర్లేదు.

చివరి ‘ఎ’ విషయంలో మూడు సూత్రాలు చాలు. పంక్తి చివర ఉంటే పలకాలి. తర్వాతి పదం అచ్చుతో గానీ, బలహీనమైన హకారంతో గానీ మొదలైతే రాలిపోతుంది. పై రెండో పంక్తిలో ‘ద్రుఖ్తె’ చివరి ‘ఎ’ రాలింది అందుకే. తర్వాత హల్లు వస్తే సాధారణంగా పలుకుతుంది, అనుమానమొస్తే అక్షరాలు లెక్కపెట్టి తేల్చుకోవాలి.

మనవాళ్ళకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. హల్లుతో ముగిసే పదానికి ఉకారం చేర్చడం తెలుగు నాలుకకి సహజం: బుక్కు, కారు. ‘హథ్’ని ‘హతు’ అనగానే పంక్తిలో లేని అక్షరం పుట్టుకొస్తుంది, లెక్క పదకొండు పన్నెండుకి పోతుంది. చదువుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఈ ఉకారం మీకు అప్పటికప్పుడు వినపడదు, రికార్డింగ్‌లో వినపడుతుంది.

ఫ్రెంచ్ నుంచి వచ్చిన పదాలకి ఊనిక చాలాసార్లు చివర ఉంటుంది. మూడో పంక్తి చివరి ‘లికూర్’, నాలుగో పంక్తి చివరి ‘ఫ్లూర్’తో ప్రాస కుదరాలంటే అలాగే పలకాలి.

4. రోజుకి 20 పంక్తులు, తర్జుమా తెలుగులోకి

ప్రోలోగ్ మొత్తం 858 పంక్తులు. రోజుకి 20 చొప్పున 43 రోజులు పడుతుంది. మొదట్లో గంట, నెల తిరిగేసరికి 40 నిమిషాలు పెట్టుకోండి. పద్ధతి ఇది.

మొదట పదకోశం చూడకుండా రెండుసార్లు పైకి చదవాలి. తర్వాత పుస్తకం అడుగున ఇచ్చిన అర్థాలు చూస్తూ, తెలియని పదాల్ని పంక్తి సంఖ్యతో సహా నోటుబుక్కులో రాసుకోవాలి. తెలిసినట్టు కనిపించే పదాలకి వేరే పేజీ పెట్టండి, అసలు ప్రమాదం వాటితోనే. ఆ తర్వాత ఆ 20 పంక్తుల్నీ తెలుగు వచనంలోకి, అందంతో పనిలేకుండా, మాటకి మాట తర్జుమా చేయాలి.

తెలుగులోకే ఎందుకు? ఆధునిక ఇంగ్లీష్‌లోకి మారుస్తుంటే పాత పదం స్పెల్లింగ్ మార్చుకుని జారిపోతుంది, దాని అర్థం మీకు తెలియదన్న సంగతే బయటపడదు. 72వ పంక్తిలో నైట్‌ని చాసర్ ‘వెర్రాయ్, పర్‌ఫిత్, జెంతిల్’ అంటాడు. ఇంగ్లీష్‌లో ‘వెరీ పర్‌ఫెక్ట్ జెంటిల్’ అని రాసేసి ముందుకి పోవచ్చు, మూడింట రెండు తప్పులు. తెలుగులో రాయాలంటే ఆగక తప్పదు: ‘జెంతిల్’ సౌమ్యుడా, ఉత్తమ వంశీకుడా? ఉన్నత వంశానికి తగ్గ నడవడి అన్నది ఆ మాట బరువు. ‘వెర్రాయ్’ అంటే నిజమైన. మీ తెలుగు వాక్యం ఎక్కడ ఆగిందో అక్కడ నిఘంటువు తెరవండి.

అలాంటివే మరికొన్ని. 11వ పంక్తిలో ‘కొరాజెస్’ ధైర్యాలు కావు, హృదయాలు. అదే పంక్తిలో ‘హెమ్’ అంటే వాళ్ళని, ‘హిర్’ అంటే వాళ్ళ. 119లో ప్రయోరెస్ (మఠాన్ని నడిపే సన్యాసిని) నవ్వుని ‘కోయ్’ అంటే నెమ్మదైనది, వయ్యారంతో పనిలేదు. 502లో ‘లెవెద్’ మనిషి అంటే చదువులేని సామాన్యుడు, నేటి అశ్లీలార్థం లేదు. ‘నీసె’ మామూలుగా తెలివితక్కువ అని అర్థం. కానీ 398లో షిప్‌మన్ (ఓడ నడిపేవాడు) అంతరాత్మ గురించి వాడినప్పుడు అతి సున్నితమైన, ప్రతిదానికీ వెనకాడే అని. ఒక పదానికి ఒకే అర్థం బట్టీ పట్టడం ఇక్కడ బెడిసికొడుతుంది. అర్థాన్ని పంక్తి సంఖ్యతో కలిపి రాసుకోమన్నది ఇందుకే.

పుస్తకం విషయానికొస్తే, మూలం పూర్తిగా ఉండి అడుగున పదార్థాలు, వెనక వివరణలు ఉన్నది కావాలి. ప్రామాణికంగా ఉదహరించేది 1987 నాటి రివర్‌సైడ్ చాసర్. అది కొనలేకపోతే హార్వర్డ్ విశ్వవిద్యాలయం చాసర్ సైట్‌లో మూలం, కింద పంక్తికి పంక్తి అర్థం ఉచితంగా దొరుకుతాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం వారి మిడిల్ ఇంగ్లీష్ నిఘంటువూ ఉచితమే. మిగతా మిడిల్ ఇంగ్లీష్ రచనలకి రోచెస్టర్ విశ్వవిద్యాలయం సైట్‌లో పదకోశాలతో సహా పాఠాలున్నాయి. స్పెల్లింగ్ మార్చి రాసిన గైడు పాఠాలతో మాత్రం పని పెట్టుకోకండి, చివరి ‘ఎ’లు వాటిలోనే మాయమవుతాయి.

5. ఓల్డ్ ఇంగ్లీష్: ఒక సెమిస్టర్ ప్రణాళిక

ఇది వేరే భాషే అనుకుని మొదలుపెట్టడం మంచిది. పన్నెండు వారాలుంటే మొదటి మూడు వ్యాకరణానికి, నాలుగు వచనానికి, ఐదు కవిత్వానికి ఇవ్వండి. తిన్నగా బేవుల్ఫ్‌తో మొదలుపెడితే 3182 పంక్తులు. ఆ దూరం చూసే చాలామంది అనువాదంతో సరిపెట్టుకుంటారు.

ఉచ్చారణ ఒక్క రోజు పని. రాసినదంతా పలకాలి. ఊనిక సాధారణంగా ధాతువు మొదటి అక్షరం మీద. ‘ఎఫ్’ అక్షరం అచ్చుల మధ్య వ్ అవుతుంది. ‘ఎస్సీ’ జంట సాధారణంగా ష్. ఇ, ఎ పక్కన ‘సీ’ తరచు చ్, ‘జీ’ తరచు య్. థోర్న్, ఎథ్ అనే రెండు పాత అక్షరాలకి ధ్వనిలో తేడా లేదు, లేఖకుడు ఏది తోస్తే అది రాశాడు.

అసలు మలుపు విభక్తుల దగ్గర. రాజు: సె క్యునింగ్. రాజుని: థొనె క్యునింగ్. రాజు యొక్క: థాస్ క్యునింగెస్. రాజుకి: థామ్ క్యునింగె. ఇప్పుడు ‘థొనె క్యునింగ్ ఒఫ్‌స్లోఖ్ సె ఎఒర్ల్’ అనే వాక్యం చూడండి. ఆధునిక ఇంగ్లీష్ అలవాటుతో చదివితే రాజు ఎవరినో చంపాడు. విభక్తి చూస్తే రాజుని చంపాడు ఆ ప్రభువు. పదాల వరస మారినా అర్థం మారకపోవడం తెలుగువాడికి వింత కాదు. అందుకే ప్రతి వాక్యంలో ముందు ‘సె’, ‘థొనె’ లాంటి చిన్న మాటల కింద గీత గీయండి. ఎవరు, ఎవరిని అన్నది వాటితోనే తేలుతుంది. నామవాచకం చివరి ప్రత్యయం చాలాసార్లు ఏమీ చెప్పదు, పై జాబితాలో మొదటి రెండు రూపాలూ ‘క్యునింగ్’ అనే ఉన్నాయి చూడండి.

లింగం వ్యాకరణాన్ని బట్టి నడుస్తుంది. ‘వీఫ్’ అంటే స్త్రీ, పదం మాత్రం నపుంసకం. ‘ఆమె వచ్చింది, కుక్క వచ్చింది’ అని ఒకే క్రియ వాడే మనం దీనికి నవ్వకూడదు. సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్‌గా చదివినవాళ్ళకి ఇంకో లాభం: సర్వనామాల్లో ద్వివచనం ఉంది. ‘విత్’ మనిద్దరం, ‘యిత్’ మీరిద్దరు. వుల్ఫ్ అండ్ ఎడ్వేకర్ అనే 19 పంక్తుల కవిత చివరి పంక్తిలో ‘మనిద్దరి’ అనే రూపం వస్తుంది. అది బహువచనం కాదని తెలిస్తేనే ఆ మాట గుచ్చుకుంటుంది.

క్రియల్లో బల క్రియలు, అంటే భూతకాలంలో లోపలి అచ్చు మారేవి, ఏడు తరగతులు. మొదటి మూడూ బాగా నేర్చుకుని, మిగతావి చూసి గుర్తుపట్టగలిగితే చదవడానికి చాలు. ఉండు, కలిగి ఉండు, చేయు, వెళ్ళు, కోరు అనే క్రియల రూపాలు మాత్రం నోటికి రావాలి. ఇవన్నీ ఒకే కాగితం మీద, రెండు వైపులా, సొంత చేతిరాతతో రాసుకోండి. అచ్చు పట్టిక కొంటే దానిలో వెతకడమే నేర్చుకుంటారు.

వచనంలో ఎల్‌ఫ్రిక్ కొలోక్వీతో (లాటిన్ నేర్పడానికి రాసిన సంభాషణ పాఠం) మొదలుపెట్టమని చాలా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పదాలకి మంచిదే, రైతు, వేటగాడు, జాలరి తమ పనుల గురించి చెబుతారు. కానీ మూలం లాటిన్. ఓల్డ్ ఇంగ్లీష్ దాని పంక్తుల మధ్య రాసిన టీక. పాఠ్యపుస్తకం సరిదిద్దితే తప్ప పదాల వరస లాటిన్‌దే, కాబట్టి వాక్య నిర్మాణం అక్కడ నేర్చుకోకండి. దానికి బీడ్ చరిత్ర ఓల్డ్ ఇంగ్లీష్ అనువాదంలోని కేడ్మన్ కథ మేలు. ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లో 755 కింద నమోదైన క్యునెవుల్ఫ్, క్యునెహెఅర్డ్ కథ ఆ తర్వాత. అందులో ‘వాళ్ళు’ అన్నప్పుడల్లా ఏ పక్షం వాళ్ళో మార్జిన్‌లో పేరు రాస్తూ చదవండి, లేకపోతే సగంలో ఎవరు ఎవరిని ముట్టడించారో తెలియదు.

కవితల్లో 115 పంక్తుల ద వాండరర్, 156 పంక్తుల ద డ్రీమ్ ఆఫ్ ద రూడ్ సరైన పొడవు. నిఘంటువుకి బోస్‌వర్త్-టాలర్ ఆన్‌లైన్‌లో ఉచితం. పదం దొరకకపోతే ముందున్న ‘యె’ ఉపసర్గ తీసేసి వెతకండి. థోర్న్‌తో మొదలయ్యేవి సాధారణంగా ‘టీ’ తర్వాత ఉంటాయి.

6. ఛందస్సు: యతి తెలిసినవాళ్ళు ఇక్కడ ముందుంటారు

ఓల్డ్ ఇంగ్లీష్ పద్యంలో అంత్యప్రాస నియమం కాదు. పంక్తి రెండు సగాలు, సగానికి రెండు ఊనికలు. రెండో సగంలోని మొదటి ఊనిక, అంటే మొత్తంలో మూడోది, పంక్తికి నాయకుడు. మొదటి సగంలో కనీసం ఒక ఊనిక దానితో ఆరంభధ్వనిలో కలవాలి. రెండూ కలవొచ్చు. నాలుగోది కలవకూడదు. బేవుల్ఫ్ నాలుగో పంక్తి:

ఒఫ్త్ ష్యుల్ద్ షేవింగ్ ‖ షెఅదెనా థ్రేఅతుమ్

ష్యుల్ద్, షేవింగ్, షెఅదెనా కలిశాయి, థ్రేఅతుమ్ విడిగా ఉంది. ఈ పంక్తి కంఠస్థం చేస్తే నియమం మొత్తం గుర్తుంటుంది.

ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి చూసుకున్నవాళ్ళకి ఈ వినికిడి ఉండనే ఉంది. తేడాలు రెండు. మన యతి స్థానం అక్షరాల లెక్క, వాళ్ళది ఊనికల లెక్క, మధ్యలో ఊనికలేని అక్షరాలు ఎన్నైనా రావచ్చు. మనకి అచ్చుల మైత్రి గుంపులుగా ఉంటుంది, ఇకారానికి ఉకారంతో యతి చెల్లదు. వాళ్ళకి ఏ అచ్చైనా ఏ అచ్చుతోనైనా చెల్లుతుంది. హల్లుల్లో స్ప్, స్త్, ష్ అని పలికే ‘ఎస్సీ’, ఈ మూడూ తమతో తామే కలవాలి, ఒంటి స్‌తో కలవవు. పరీక్షలో దీన్ని ఊరికే ‘అనుప్రాస ఎక్కువ’ అని రాస్తే మార్కు రాదు, అది అలంకారం కాదు, నియమం.

గవేన్‌లో ఈ పద్ధతే 14వ శతాబ్దంలో సడలిన రూపంలో కనిపిస్తుంది. 101 ఖండికల్లో ప్రతిదాని చివరా ఒక పొట్టి పంక్తి, నాలుగు ప్రాస పంక్తులు వస్తాయి.

7. రాతప్రతుల గురించి తెలియాల్సినంత

ఓల్డ్ ఇంగ్లీష్ కవిత్వం సుమారు 30,000 పంక్తులు మిగిలింది, ఎక్కువ భాగం నాలుగు పుస్తకాల్లో: ఎక్సెటర్ కేథడ్రల్‌లో ఒకటి, ఇటలీలోని వెర్చెల్లిలో ఒకటి, ఆక్స్‌ఫర్డ్‌లో జూనియస్ ప్రతి, బ్రిటిష్ లైబ్రరీలో బేవుల్ఫ్ ఉన్న ప్రతి. చివరిది 1731 అక్టోబర్‌లో లండన్ ఆష్‌బర్నమ్ హౌస్ అగ్నిప్రమాదంలో అంచులు కాలింది. ద బ్యాటిల్ ఆఫ్ మాల్డన్ ప్రతి అదే మంటల్లో పోయింది. అంతకుముందే ఎత్తి రాసిన నకలు ఉండబట్టి 325 పంక్తులు దక్కాయి. మొదలు, చివర లేవు.

ఈ ప్రతుల్లో పద్యం వచనంలా ఏకధాటిగా ఉంటుంది. పంక్తి విభజన, విరామచిహ్నాలు, కవితల పేర్లు అన్నీ సంపాదకులవి. కాబట్టి ‘కవి ఇక్కడ ఆశ్చర్యార్థకం వాడాడు’ అని రాయకూడదు. ‘బేవుల్ఫ్ 8వ శతాబ్దంలో రాశారు’ అనీ రాయకూడదు. ప్రతి సుమారు 1000 నాటిది, రచనా కాలం వివాదాస్పదం అంటే సరిపోతుంది. కాంటర్‌బరీ టేల్స్‌కి తునకలతో కలిపి 80కి పైగా ప్రతులున్నాయి, కథల వరస అన్నిటా ఒకటి కాదు. పేరున్నవి రెండు: వేల్స్ జాతీయ గ్రంథాలయంలోని హెంగ్‌వర్ట్, కాలిఫోర్నియా హంటింగ్‌టన్ లైబ్రరీలోని ఎల్స్‌మియర్. బ్రిటిష్ లైబ్రరీ డిజిటల్ ప్రతులు 2023 అక్టోబర్ సైబర్ దాడితో చాలాకాలం అందలేదు, పుస్తకాల్లో ఇచ్చిన పాత లింకులు తెరుచుకోకపోతే లైబ్రరీ కొత్త సైట్‌లో వెతకండి.

8. వ్యాఖ్య రాయడం

20–30 పంక్తులిచ్చి వ్యాఖ్యానించమంటే, సందర్భానికి రెండు వాక్యాలు మించొద్దు. కథ చెప్పడం మొదలుపెడితే మూడో వంతు సమయం అక్కడే పోతుంది. ఆ భాగంలో మిమ్మల్ని ఆపిన ఒక పదమో, వాక్య నిర్మాణమో పట్టుకోండి. దాని అర్థం, అదే రచనలో మరోచోట దాని వాడకం, అక్కడి ఛందస్సు, ఈ మూడింటితో ఒక వాదన కట్టండి. అలంకారాల జాబితా వాదన కాదు. బేవుల్ఫ్ పదో పంక్తిలో సముద్రానికి ‘తిమింగలాల దారి’ అనే సమాసం ఉంది. అది కెన్నింగ్ (వస్తువుని నేరుగా పేరు పెట్టకుండా సమాసంతో చెప్పడం) అని పేరు చెప్పి వదిలేస్తే అర మార్కు. ష్యుల్ద్ రాజు అధికారం ఎంత దూరం పాకిందో చెప్పే వాక్యంలో సముద్రం దారి ఎందుకైందో రాస్తే వ్యాఖ్య.

అనువాదం పక్కన పెట్టుకుంటే దానిలోని మాట మీద విశ్లేషణ చేయకండి. 1999 నాటి షేమస్ హీనీ అనువాదం ‘సో’ అని మొదలవుతుంది. ఆ ‘సో’లోని తాపీతనం గురించి పేరా రాస్తే అది హీనీ గురించి రాసినట్టు, మూలంలో అక్కడున్నది ‘హ్వాత్’.

యూజీసీ నెట్ రెండో పేపర్‌లో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు. ఈ కాలం నుంచి వచ్చేవి ఎక్కువగా కాలక్రమం, జతపరచడం. దానికి 30 రచనల పేరు, సుమారు తేదీ, ఛందస్సు లేదా ప్రక్రియ, ప్రతి ఉన్న చోటు ఒకే పట్టికలో రాసి వారానికోసారి తిరగేస్తే చాలు. పియర్స్ ప్లౌమన్ అనే కావ్యానికి ఎ, బి, సి అని మూడు పాఠాలున్నాయని, మార్జరీ కెంప్ పుస్తకం రాతప్రతినీ మాలరీ వించెస్టర్ ప్రతినీ 1934లో గుర్తించారని కూడా అందులో చేర్చుకోండి.

విదేశాల్లో మధ్యయుగ సాహిత్యంలో పరిశోధన చేయాలనుకుంటే లాటిన్ ఇప్పుడే మొదలుపెట్టండి. టొరంటో మధ్యయుగ అధ్యయన కేంద్రంలో లాటిన్‌కి విడిగా పరీక్షలుంటాయి, మిగతా చోట్ల కూడా అది లేకుండా ఎక్కువ దూరం పోలేరు. రోజుకి అరగంట చొప్పున ఏడాది పెట్టుకోండి. సంస్కృత శబ్దాలు వల్లించిన అలవాటున్నవాళ్ళు ఆర్నెల్లలో బీడ్ లాటిన్ మూలంలో కేడ్మన్ కథ దగ్గరికి రాగలరు. అది నాలుగో పుస్తకం, 24వ అధ్యాయం.